సబ్బుల కంపెనీల పెద్దలకు, కంచరపాలెం కిరాణా కొట్టు నుంచి

సబ్బులు, బిస్కెట్లు, టీపొడి, షాంపూలు, బట్టల పౌడర్లు తయారుచేసి దేశమంతా అమ్మే కంపెనీల సేల్స్ డైరెక్టర్లకు, బ్రాండ్ మేనేజర్లకు, రీజనల్ మేనేజర్లకు,

నమస్కారం.

విశాఖపట్నం కంచరపాలెంలో మాది కిరాణా కొట్టు. మా నాన్నగారు పెట్టారు, ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. మీలో చాలామంది సరుకు మా అరల్లో ఉంటుంది. ముంబైలోనో గురుగ్రామ్‌లోనో బెంగళూరులోనో కూర్చుని మీరు తీసుకునే నిర్ణయాలు మా కొట్టు దాకా వచ్చాక ఏమవుతున్నాయో మీకు తెలిసే దారి నాకు కనబడలేదు. అందుకే ఈ ఉత్తరం. మీ మనుషులకి చెప్పలేదా అంటే, చెప్పాను. నెలనెలా చెబుతూనే ఉన్నాను. వాళ్ళు వింటారు, తలూపుతారు, పైకి మాత్రం చెప్పలేరు. నా ఫిర్యాదు అసలు దాని మీదే.

నెలాఖరు సంగతి ముందు చెబుతాను.

25వ తారీకు దాటిందంటే మీ లైన్ సేల్స్‌మన్ మొహం మారిపోతుంది. అప్పటిదాకా వారానికోసారి వచ్చి, అర చూసి, "అన్నయ్యా, ఇది అయిపోవచ్చింది, ఇది ఇంకా ఉంది" అని రాసుకుపోయే కుర్రాడు, ఆ వారంలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తగులుకుంటాడు. ఒక చేతిలో ఆర్డర్లు కొట్టే కంపెనీ ఫోను, ఇంకో చేతిలో సొంత ఫోను. ఆ సొంత ఫోను మోగడం ఆగదు. ఒకసారి నాకే చూపించాడు. వాట్సాప్ గ్రూపులో వీళ్ళ పేర్లన్నీ వరసగా పెట్టి, టార్గెట్ అందనివాళ్ళవి ఎర్రరంగులో వేశారు. అందరూ చూస్తారు. ఇతన్ని తిట్టే ఏరియా మేనేజర్ పేరు ఇంకో గ్రూపులో ఎర్రగా ఉంటుందట. ఆయన్ని తిట్టేవాళ్ళ పేరు ఎక్కడ ఎర్రగా ఉంటుందో మీకే తెలియాలి.

"అన్నయ్యా, రెండు కేసులు బిల్లు కొట్టేస్తాను. కదలకపోతే వచ్చే నెల నేనే వెనక్కి తీయించేస్తాను. డబ్బులు కూడా మెల్లిగా ఇద్దురు" అంటాడు. చంటిపిల్లల తండ్రి. మే నెల ఎండలో బైకు మీద పెందుర్తి నుంచి కంచరపాలెం దాకా తిరిగి వచ్చినవాడు. నీళ్ళు తాగించి, సరే కొట్టుకో అంటాం. తీరా వచ్చే నెలకి ఆ కుర్రాడు ఉండడు. ఇంకో కంపెనీలో చేరిపోయి ఉంటాడు, లేదా బీటు మార్చేసి ఉంటారు. కొత్తగా వచ్చినవాడికి పాతవాడి మాటతో సంబంధం లేదు. "అది నా టైములో జరిగింది కాదండీ" అంటాడు. నిజమే, కాదు. మరి ఎవరి టైములో జరిగిందని అడగాలి?

ఆ రెండు కేసులూ నా దగ్గరే ఉండిపోతాయి. మాది సముద్రం ఒడ్డు ఊరు. గాలిలో చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. బట్టల పౌడరు గడ్డకట్టి ప్యాకెట్టు ఇటుకలా తయారవుతుంది. అంచు అతుకు కాస్త వదిలిన బిస్కెట్ ప్యాకెట్ వారంలో మెత్తబడిపోతుంది. చాక్లెట్లు కరిగి మళ్ళీ గట్టిపడి పైన తెల్లటి పొర పడుతుంది. తేదీ ప్రకారం అన్నీ బాగున్నట్టే లెక్క, ఎక్స్‌పైరీ ఇంకా నాలుగు నెలలుంటుంది.

మా వీధి చివర ఒక మామ్మగారు ఉన్నారు. భర్త రైల్వేలో చేసి రిటైరయ్యారు. ఒక సాయంత్రం విప్పిన బిస్కెట్ ప్యాకెట్ పట్టుకొచ్చి కౌంటర్ మీద పెట్టారు. "ఏటి బాబూ ఇది? మా గుంటడు నోట్లో పెట్టుకుని ఊసేసాడు. మాకూ మంచివి ఇవ్వొచ్చు కదా" అన్నారు. కంపెనీ పేరెత్తలేదు. ప్యాకెట్ వెనక టోల్‌ఫ్రీ నంబరు ఉంది, కానీ అది ఆవిడ కళ్ళకి ఆనే సైజులో లేదు. నేను డబ్బులు వెనక్కి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. దాని బదులు వేరే కంపెనీ ప్యాకెట్ తీసుకుని వెళ్ళారు. అప్పట్నుంచి ఆ వేరేదే అడుగుతున్నారు.

ఇప్పుడు మీ లెక్కలు చూడండి. మాకు సరుకు వేసే ఏజెన్సీవాడి గోడౌన్‌లో మీ లారీ సరుకు దింపితే మీకు అమ్మకం అయిపోయింది. నాకు బిల్లు పడితే ఇంకో అమ్మకం. ఆ నెల కుర్రాడి పేరు పచ్చగా మారింది, మేనేజరు పేరు పచ్చగా మారింది, మీ తెర మీద విశాఖపట్నం మొత్తం పచ్చగా కనబడింది. మామ్మగారు మిమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయిన సంగతి ఏ రంగులోనూ కనబడలేదు. మూడు నెలల తర్వాత "వైజాగ్‌లో ఎందుకు పడిపోతున్నాం" అని మీటింగు పెట్టి, కొత్త స్కీమ్ తయారుచేసి, ఆ కుర్రాడి టార్గెట్ ఇంకాస్త పెంచుతారు.

కంపెనీ కల్చర్ గురించి మీరు మా బీచ్ రోడ్డు హోటళ్ళలో కూడా సమావేశాలు పెట్టుకుంటారు. మాకు దానితో పనిలేదు. రోజూ మా కొట్టుకి వచ్చే అయిదారుగురు కుర్రాళ్ళ మాటతీరు బట్టి ఏ కంపెనీ లోపల ఎలా ఉందో చెప్పేయగలం. "తెలీదు అన్నయ్యా, కనుక్కుని చెబుతా" అని అనగలిగినవాడి వెనక మంచి మేనేజరు ఉన్నాడని అర్థం. ఏది అడిగినా "అయిపోద్ది అన్నయ్యా, టెన్షన్ పడకండి" అనేవాడి వెనక ఉన్నది భయం. భయంలో ఉన్నవాడు నాకు అబద్ధం చెబుతాడు, నా చేత మామ్మగారికి అబద్ధం చెప్పిస్తాడు. పైన మీరు పెట్టిన ఒత్తిడి కింద మెత్తటి బిస్కెట్‌గా బయటపడుతుంది.

చెడ్డ కబురు పైకి పోకపోతే ఏమవుతుందో ఈ ఊరికి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విషపు ఆవిరి ఇళ్ళ మీదికి వచ్చి 12 మంది చనిపోయారు. ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ యాజమాన్యం నిర్లక్ష్యాన్ని తప్పుపట్టింది, సైరన్ ఉండి కూడా మోగించలేదని రాసింది. ప్రాణాలు పోయిన సంగతిని బిస్కెట్లతో పోల్చడం లేదు. కానీ మోగించాల్సిన సైరన్ ముందు మనుషులు చేతులు కట్టుకుని నిలబడే అలవాటు ఒక్క రాత్రిలో వచ్చేది కాదు. ఆ మాట మాత్రం అనక తప్పదు.

మంచి అలవాటు కూడా అలాగే కష్టకాలంలో బయటపడుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను మా ఊరి మీద పడింది. చెట్లన్నీ రోడ్డు మీదే. కరెంటు లేదు, ఫోన్లు లేవు, పాలకీ నీళ్ళకీ పెట్రోలుకీ బారులు. కొట్టు షట్టరు వంగిపోయి లోపలికి నీళ్ళొచ్చాయి. కింది అరలన్నీ తడిసిపోయాయి. పేరు చెప్పను గానీ, ఒక కంపెనీ సేల్స్‌మన్ బైకు దారిలో వదిలేసి కూలిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చాడు. ముందు ఇంట్లో అందరూ బాగున్నారా అని అడిగాడు. తర్వాత తడిసిన సరుకు చూసి ఒక తెల్లకాగితం మీద రాసుకున్నాడు. పైనుంచి అనుమతి వచ్చిందా అంటే, "రాసేయమన్నారు అన్నయ్యా, ఫోన్లు పనిచేసినప్పుడు పంపిద్దాం" అన్నాడు. దానికి క్రెడిట్ నోట్, అంటే ఆ డబ్బు మా లెక్కలో తిరిగి జమ చేసిన కాగితం, వచ్చింది కూడా. ఇంకో కంపెనీ వాళ్ళు, కరెంటు వచ్చాక, తడిసిన ప్రతి ప్యాకెట్‌కీ బ్యాచ్ నంబరు కనబడేలా ఫొటో తీసి పంపమన్నారు. అప్పటికి ఆ ప్యాకెట్లు కుళ్ళి కంపు కొడుతుంటే బయట పారబోశాం. ఆ రెండో కంపెనీ సరుకు నాణ్యతలో ఏ లోటూ లేదు. కానీ ఈ రోజుకీ ఎవరైనా "ఏది బాగుంటుంది బాబూ" అని అడిగితే నా చెయ్యి మొదటి కంపెనీ అర మీదికే వెళుతుంది. మా పేటలో సగం మంది బ్రాండు పేరు చెప్పరు, "ఒక సబ్బివ్వు, మంచిది" అంటారు. ఆ మంచిది ఏదో తేల్చేది కౌంటర్ వెనక ఉన్నవాడు. మీరు టీవీ యాడ్ల మీద పెట్టే కోట్లు నా కౌంటర్ దాకా వచ్చి ఆగుతాయి.

మీలో పెద్దవాళ్ళకి ఇది తెలియని సంగతేమీ కాదు. 1959లో ఈ దేశానికి సర్ఫ్ తెచ్చిన కంపెనీయే హిందుస్తాన్ లీవర్, ఇప్పటి హిందుస్తాన్ యూనిలీవర్. 1969లో అహ్మదాబాద్‌లో కర్సన్‌భాయ్ పటేల్ ఇంట్లో పౌడరు కలిపి, సైకిల్ మీద ఇంటింటికీ తిరిగి నిర్మా అమ్మడం మొదలుపెడితే, అది మన ఖాతాదారుల సరుకు కాదులే అని పెద్ద కంపెనీ చాలాకాలం తేలిగ్గా తీసుకుంది. సర్ఫ్ కొనలేనివాళ్ళు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారో ఆ ఆఫీసులకి కనబడలేదు. ప్రతి కొట్టువాడికీ కనబడింది. 1980ల్లో నిర్మా సర్ఫ్‌ని దాటాక గానీ దానికి పోటీగా ఆ పెద్ద కంపెనీ చౌక పౌడరు వీల్ రాలేదు. నాకు ఈ కథలో నచ్చేది ఆ ఓటమి కాదు, అదే కంపెనీలో ఉన్న ఇంకో అలవాటు. ఉత్తరప్రదేశ్‌లోని ఏటా అనే ఊళ్ళో వాళ్ళ పాల ఫ్యాక్టరీ నష్టాల్లో పడితే, 1976 నుంచి అక్కడి పల్లెల్లో పనిచేయడం మొదలుపెట్టి, కొత్తగా చేరిన మేనేజర్ ట్రైనీలని ఊళ్ళలో రైతుల ఇళ్ళల్లో ఉంచేవారు. 2000 ప్రాంతంలో మన నల్గొండ జిల్లా పొదుపు సంఘాల ఆడవాళ్ళతో పల్లెల్లో సరుకు అమ్మించే ప్రాజెక్ట్ శక్తి మొదలవడం వెనక ఆ అలవాటు కొంతయినా ఉందని నా నమ్మకం. మేనేజరుగా చేరబోయేవాడు ఒక రైతు ఇంట్లో చద్దన్నం తిని వస్తే, తర్వాత వాడు వేసే టార్గెట్‌లో కాస్త బుద్ధి ఉంటుంది.

గోడ మీద రాసి పెట్టుకున్నంత మాత్రాన కల్చర్ వచ్చేయదు. ఇందుకు జాన్సన్ అండ్ జాన్సన్ కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. 1943లో రాబర్ట్ వుడ్ జాన్సన్ వాళ్ళ కంపెనీకి ఒక ప్రతిజ్ఞ లాంటిది రాశారు. మా మొదటి బాధ్యత మా మందులు వాడే రోగులకి, తల్లులకి, డాక్టర్లకి, నర్సులకి అని మొదలవుతుంది. వాటాదారుల మాట చివర్లో వస్తుంది. 1982లో షికాగోలో ఎవడో దుర్మార్గుడు షాపుల్లోని ఆ కంపెనీ నొప్పి మందు టైలినాల్ సీసాల్లో సైనైడ్ కలిపి పెడితే 7గురు చనిపోయారు. తప్పు కంపెనీది కాదు. అయినా ఆ మందు వాడొద్దని కంపెనీయే దేశమంతా చెప్పింది, దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి తెప్పించింది. సుమారు 10 కోట్ల డాలర్ల ఖర్చు. మూత విప్పితే తెలిసిపోయే సీళ్ళు వేసి మళ్ళీ మార్కెట్లోకి వచ్చింది, జనం మళ్ళీ కొన్నారు. ఇది మేనేజిమెంట్ చదివిన ప్రతివాడికీ చెప్పే కథే.

దాని రెండో భాగం అంతగా చెప్పరు. 2009లో అదే కంపెనీ కింద ఉన్న మెక్‌నీల్, మోట్రిన్ అనే నొప్పి మాత్రల్లో లోపం కనబడినప్పుడు, బయటికి చెప్పి వెనక్కి పిలవకుండా కాంట్రాక్టు మనుషులని షాపులకి పంపించింది. మామూలు కస్టమర్లలా వెళ్ళి ఉన్నవన్నీ కొనేయండి, రీకాల్ అనే మాట ఎత్తకండి అని వాళ్ళకి చెప్పారు. 2010లో అమెరికా చట్టసభ విచారణలో ఇదంతా బయటపడింది. గోడ మీద ప్రతిజ్ఞ అప్పుడూ అక్కడే ఉంది. మా లాంటి చిన్న షాపువాడి ముందు కస్టమర్ వేషం వేసుకుని నిలబడిన ఆ మనుషులని తలుచుకుంటే నాకు కోపం కంటే జాలి ఎక్కువ కలుగుతుంది. వాళ్ళ ఫోనులో కూడా ఎర్రరంగు పేర్లు ఉండే ఉంటాయి.

మన దేశంలో మ్యాగీ ఉదంతం మీకందరికీ గుర్తుంటుంది. ఉత్తరప్రదేశ్‌లో తీసిన శాంపిల్‌లో సీసం ఎక్కువుందన్న వార్తతో మొదలై, 2015 జూన్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అమ్మకాలు ఆపించింది. వేల టన్నుల నూడుల్స్ వెనక్కి తీసి సిమెంటు ఫ్యాక్టరీల్లో కాల్చేశారు. ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టేసి మళ్ళీ పరీక్షలు చేయమంది, నవంబరులో మ్యాగీ మార్కెట్లోకి తిరిగొచ్చింది. మొదటి వారాల్లో కంపెనీ మాట్లాడింది ల్యాబుల భాష, లాయర్ల భాష. నా కౌంటర్ దగ్గర తల్లులు అడిగింది ఒక్కటే: "పిల్లలకి పెట్టొచ్చా, మానేయాలా?" దానికి ల్యాబు రిపోర్టు జవాబు కాదు. మ్యాగీ తయారుచేసే నెస్లే ఇండియాకి పెద్దగా సురేష్ నారాయణన్ వచ్చాకే జనంతో జనం భాషలో మాట్లాడటం మొదలైందని నా అభిప్రాయం. అయినా నవంబరులో మొదటి పెట్టె రాగానే పిల్లలు ఎగబడ్డారంటే, అది 1980ల నుంచి ఇళ్ళల్లో సంపాదించుకున్న చనువు. ఆ చనువు లేని కంపెనీకి అలాంటి దెబ్బ తగిలితే మళ్ళీ లేవదు.

మొన్నటి పరీక్ష మీ అందరికీ ఒకేసారి వచ్చింది. 2025 సెప్టెంబరు 3న జీఎస్టీ కౌన్సిల్ నిర్ణయించింది, 22 నుంచి అమల్లోకి వచ్చింది. ఒంటి సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టులు, తలనూనెలు, బిస్కెట్లు 18 శాతం నుంచి 5 శాతానికి దిగాయి. ఆ రోజు దసరా నవరాత్రుల మొదటి రోజు. పొద్దున్నే పేపరు పట్టుకుని జనం వచ్చేశారు. "తగ్గిందన్నారు కదా, నువ్వేటి పాత రేటు చెబుతున్నావు?" బట్టల పౌడరు మీద తగ్గలేదమ్మా, అది 18లోనే ఉంది అంటే ఎవరు నమ్ముతారు? సబ్బు మీద తగ్గి సబ్బు పౌడరు మీద ఎందుకు తగ్గదని అడిగితే నా దగ్గరా జవాబు లేదు.

ఆ రోజు ఎవరి కంపెనీ ఎలాంటిదో బట్టబయలైంది. ఒక కంపెనీ కుర్రాడు వారం ముందే వచ్చి పాత స్టాకు లెక్కపెట్టి, కొత్త రేట్ల కాగితం గోడకి అతికించి, తేడా ఎంత వెనక్కి వస్తుందో రాసిచ్చి వెళ్ళాడు. నేను ధైర్యంగా కొత్త రేటుకే అమ్మాను. ఇంకో కంపెనీ కుర్రాడు "సర్క్యులర్ ఇంకా రాలేదు అన్నయ్యా" అని కళ్ళు దించుకున్నాడు. పాత రేటుకి అమ్మితే నేను దొంగని, కొత్త రేటుకి అమ్మితే నష్టం నాది. వందకి పది రూపాయలు కూడా మిగలని వ్యాపారంలో ఆ తేడా ఎవరు మోయాలో చెప్పడానికి మీకు మూడు వారాలు చాల్లేదా?

అయిదు, పది రూపాయల ప్యాకెట్ల సంగతి వేరే చెప్పాలి. రేటు తగ్గించడానికి చిల్లర కుదరదు కాబట్టి గ్రాములు పెంచారు. మంచిదే. కానీ ఏళ్ళ తరబడి ఆ ప్యాకెట్ల బరువు తగ్గించుకుంటూ వచ్చినప్పుడు ఎక్కడా చెప్పలేదు, పెంచినప్పుడు మాత్రం ప్యాకెట్ సగం నిండా అక్షరాలు. మా ఖాతాదారులు చదువుకోకపోవచ్చు, వాళ్ళ అరచెయ్యే తూకపు రాయి. ప్యాకెట్ ఎగరేసి పట్టుకుని, "మళ్ళీ తగ్గించేశారు" అనేస్తారు. గ్రాముకి ఎంత పడుతుందో ప్యాకెట్ మీద వేయాలని ఇప్పుడు తూనికలు కొలతల నిబంధన ఉంది. దాన్ని కనబడేంత పెద్దగా వేసే కంపెనీ ఏదో నాకు ఇంతవరకు తగల్లేదు.

యాప్‌ల గొడవ కూడా ఇలాంటిదే. ఎంవీపీ కాలనీ, మధురవాడ వైపు పది నిమిషాల్లో సరుకు తెచ్చిచ్చే యాప్‌లు ఎప్పుడో వచ్చేశాయి. వచ్చినందుకు నాకు ఏడుపు లేదు. పోటీ ఉండాలి. కానీ నాకు ఏజెన్సీవాడు వేసే రేటు కంటే తక్కువకి యాప్‌లో కస్టమర్‌కి దొరుకుతుంటే నేనేం చేయాలి? "బాబూ, ఫోన్లో ఇంతుంది, నీ దగ్గర ఇంతేటి?" అని తెర చూపిస్తే, మా నాన్నగారి కాలం నుంచి ఖాతా రాసుకునే మనిషి ముందు నేను తలదించుకోవాలి. ఆవిడ దృష్టిలో మోసం చేసింది నేను. మీ పేరు అక్కడా రాదు. 2022 జనవరిలో మహారాష్ట్ర డిస్ట్రిబ్యూటర్లు ఇలాంటి రేట్ల తేడా మీదే కొన్ని పెద్ద కంపెనీల సరుకులు కొన్ని ఎత్తడం మానేశారు. 2024లో పంపిణీదారుల అఖిల భారత సమాఖ్య ఈ పది నిమిషాల యాప్‌ల, అంటే క్విక్ కామర్స్ కంపెనీల మీద కాంపిటీషన్ కమిషన్‌కి వెళ్ళింది. మీరు వాటికి జవాబులు రాసే ఉంటారు. జవాబు రావాల్సింది నా కౌంటర్ దగ్గరకి.

మా కిరాణా వాళ్ళందరం సత్యహరిశ్చంద్రులం అని చెప్పడం లేదు. కూల్‌డ్రింకు మీద కూలింగ్ పేరు చెప్పి రెండు రూపాయలు గుంజేవాళ్ళు ఉన్నారు. స్కీమ్‌లో వచ్చిన ఫ్రీ ప్యాకెట్ విడిగా అమ్ముకునేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని పట్టుకోండి, నేను అడ్డురాను. కానీ ఒక్క విషయం ఆలోచించండి. మీ దగ్గరున్న లెక్కలు ఎంత కొన్నారో చెబుతాయి. ఎందుకు కొన్నారో, ఎందుకు మానేశారో మా దగ్గరుంటుంది.

గాజువాకలో మా బావమరిదికి కొట్టుంది. 2024లో స్టీల్‌ప్లాంట్ జీతాలు ఆలస్యంగా, సగం సగం పడిన నెలల్లో అక్కడ కిలో ప్యాకెట్లు కొనేవాళ్ళు పావుకిలోకి దిగారు, షాంపూ సీసా కొనేవాళ్ళు రూపాయి ప్యాకెట్ల దండలోంచి తెంపించుకున్నారు. ఎవరూ మీ సరుకు మీద మనసు విరగ్గొట్టుకోలేదు, చేతిలో డబ్బు లేదు, అంతే. సరిగ్గా ఆ నెలల్లోనే ఒక కంపెనీ ఫ్యామిలీ ప్యాక్ టార్గెట్ పెట్టింది. మా బావమరిది ఆ సేల్స్‌మన్‌కి విషయం చెప్పాడు. "తెలుసు బావగారూ, నేనూ గాజువాకవాడినే కదా. కానీ ఈ మాట మా సారుతో అంటే సాకులు చెబుతున్నావంటారు" అన్నాడట. ఆ కుర్రాడికి తెలుసు, కొట్టువాడికి తెలుసు, వీధి మొత్తానికి తెలుసు. తెలియనిది మీకొక్కరికే. సేల్స్‌మన్ నోరు నొక్కేసి, ఆ తర్వాత మార్కెట్ రీసెర్చి ఏజెన్సీకి డబ్బులు కట్టి అదే విషయం తెలుసుకోవడం ఏం తెలివి చెప్పండి?

ఇక నేను అడిగేవి. సేల్స్‌మన్‌ని నెలకి ఎంత బిల్లు కొట్టావని కాకుండా, మా అరల్లో పాత సరుకు ఎంత మిగిలిందని అడగండి. 25 తర్వాత కొట్టువాడు అడగని సరుకుకి బిల్లు వేయకూడదని రాతపూర్వకంగా చెప్పండి, వేస్తే వెనక్కి తీసుకునే బాధ్యత కుర్రాడిది కాదు, కంపెనీదని కూడా రాయండి. డ్యామేజీకి, ఎక్స్‌పైరీకి క్రెడిట్ నోట్ ఎన్ని రోజుల్లో వస్తుందో ఒక తేదీ పెట్టండి. ఏజెన్సీవాడు కంపెనీ మీదికీ, కంపెనీ ఏజెన్సీవాడి మీదికీ నెట్టుకుంటూ పోతే మధ్యలో చచ్చేది మేమే. రేటు మారినా, బరువు మారినా మాకు ముందు చెప్పండి, యాడ్ తర్వాత వేసుకోండి. యాప్‌కి ఇచ్చే రేటుకీ నాకు ఇచ్చే రేటుకీ తేడా ఉంటే ఎందుకుందో నా మొహం మీద చెప్పండి. ఎక్కువ సరుకు కొంటాడు కాబట్టి తక్కువకి ఇస్తున్నాం అంటే అర్థం చేసుకుంటాను. తేడా లేదని చెప్పి పంపిస్తే మాత్రం ఊరుకోను.

వీటన్నిటికంటే ముఖ్యంగా, ఎర్రరంగు పేర్ల గ్రూపులు తీసేయండి. చెడ్డ కబురు తెచ్చిన కుర్రాడికి ఒక్కసారి అందరి ముందూ శభాష్ అనండి. మిగతావాళ్ళు వాళ్ళంతట వాళ్ళే మాట్లాడటం మొదలుపెడతారు.

మీలో ఎవరైనా ఒక రోజు వచ్చి నా కౌంటర్ వెనక నిలబడతానంటే నాకు సంతోషం. మార్కెట్ విజిట్ పేరుతో వచ్చి, అయిదు నిమిషాలు నిలబడి, నాతో ఫొటో దిగి కారెక్కడం నేను చెప్పేది కాదు. పొద్దున పాలప్యాకెట్ల వేళకి వచ్చి రాత్రి షట్టరు దించేదాకా ఉండాలి. నెలాఖరు వారంలో రండి. వచ్చేముందు ఏజెన్సీకి మాత్రం చెప్పకండి. చెబితే ముందురోజు సాయంత్రమే కుర్రాళ్ళు దిగి, మీ సరుకంతా ముందు వరసలోకి సర్ది, గడ్డకట్టిన పౌడరు ప్యాకెట్లు నా చేత లోపలి గదిలో పెట్టించేస్తారు.

ఇట్లు,
కంచరపాలెం కిరాణా కొట్టు యజమాని,
విశాఖపట్నం